మా అబ్బాయి న్యూట్రిషన్ చదువుతానంటున్నాడు, ఏం చెప్పమంటారు?

ప్రశ్న: మా అబ్బాయికి పద్దెనిమిదేళ్ళు. మెడిసిన్ సీటు రాలేదు. ఇంకో ఏడాది ప్రయత్నించమంటే వద్దు, యూనివర్సిటీలో న్యూట్రిషన్ చదువుతానంటున్నాడు. జిమ్‌లో చేరినప్పటి నుంచి ఇదే ధ్యాస. చిన్న తూకం మెషీన్ కొనుక్కుని ప్రతిదీ తూచుకుని తింటాడు, మాతో కలిసి తినడం కూడా మానేశాడు, అంత ఇంట్రెస్ట్. కానీ మగపిల్లాడు, డైట్ చార్టులు రాసుకుంటూ కూర్చుంటే భవిష్యత్తు ఏముంటుంది? న్యూట్రిషన్, డైటెటిక్స్, ఫుడ్ సైన్స్, ఈ మూడింటిలో దేనికి గిరాకీ ఉందో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండి. మొదటిసారి చదివినప్పుడు, నాకు రోజూ వచ్చే ప్రశ్నే కదా అనుకున్నాను. మెడిసిన్ రాలేదు, దాని పక్కన ఇంకేముంది అని. రెండోసారి చదివేటప్పుడు ఆ తూకం దగ్గర ఆగిపోయాను. దాని సంగతి చివర్లో మాట్లాడదాం. ముందు మీ సంగతి.

"మగపిల్లాడు" అని రాశారు. అదే అమ్మాయి అయితే బహుశా ఈ ఉత్తరమే రాసేవారు కాదు, ఏదో ఒకటి చదవనీ అని ఊరుకునేవారు. అదీ తప్పే, ఇదీ తప్పే. మిమ్మల్ని నొప్పించాలని కాదు గానీ, మీ బెంగ గిరాకీ గురించి అని నాకు అనిపించడం లేదు. "మీవాడు ఏం చేస్తున్నాడండీ?" అని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పే జవాబు మీ దగ్గర లేదు. డాక్టర్ అంటే ఇంకో మాట అక్కర్లేదు, ఇంజినీర్ అన్నా అంతే. న్యూట్రిషన్ అంటే మాత్రం "అంటే వంటలా?" అంటారు. మీకు ఆ నిమిషం ఎలా గట్టెక్కాలో తెలియడం లేదు. అందుకోసం పిల్లవాడి నలభై ఏళ్ళ ఉద్యోగాన్ని మార్చమనకండి.

డైట్ చార్టులు రాసుకుంటూ కూర్చోవడం అన్నారు కదా, నేను కళ్ళారా చూసింది చెప్తాను. మా అన్నయ్య డయాలసిస్ మీదున్న రోజులు. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతకీ దిగడం లేదు. తినకూడదన్నవన్నీ మానేశాడు, అయినా రిపోర్టు అలాగే వస్తోంది. మందు డోసు పెంచుదామా అనుకుంటున్నారు. అప్పుడు డైటీషియన్ వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. చార్టు తీస్తుందనుకున్నాం. తీయలేదు. మంచం పక్కకు స్టూలు లాక్కుని కూర్చుంది. నిన్న లేచిన దగ్గర్నుంచి ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, ఎవరు వండారు, మాత్రలు ఎవరు తీసిస్తారు అని ఒక్కొక్కటే అడిగింది. ఆ చివరి ప్రశ్నకు మా వదిన మందుల డబ్బా తెచ్చి చూపించింది. మర్చిపోతామేమోనని మాత్రలన్నీ కలిపి రాత్రి పడుకోబోయే ముందు ఒకేసారి ఇచ్చేస్తోంది.

చిక్కంతా అక్కడే ఉంది. ఫాస్ఫరస్ తగ్గించడానికి ఇచ్చే ఆ మాత్ర తిండిలోని ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టుకుని బయటికి పంపేస్తుంది. కాబట్టి భోజనంతో పాటే పడాలి. ఖాళీ కడుపున వేస్తే దానికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఆ అమ్మాయి ఆ ఒక్క రకం మాత్రలు వేరే చిన్న డబ్బాలో వేసి, "ఇవి మందుల దగ్గర పెట్టకండి, మీరు అన్నం తినే చోట పెట్టండి" అంది. ఫైల్లో డాక్టర్ కోసం రెండు లైన్లు రాసి వెళ్ళిపోయింది. డోసు పెంచలేదు. ఆ తర్వాతి రిపోర్టుల్లో తేడా కనిపించింది.

ఆ స్టూలు మీద కూర్చోవడానికి ఆమె ఏం చదివి ఉంటుందో ఆలోచించండి. బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, వీటికి తోడు మనుషులతో మాట్లాడే పద్ధతి. తేలిక కోర్సు అనుకుని చేరి, మొదటి ఏడాది బయోకెమిస్ట్రీ దగ్గరే బేజారెత్తిపోయి నా దగ్గరికి వచ్చిన పిల్లలున్నారు. మెడిసిన్ కోసం కష్టపడి చదివినవాడికి ఆ చదువు ఇక్కడ వృథా పోదు. మీరు ఒక ఏడాది పోయిందనుకుంటున్నారేమో, పోలేదు.

ఇక పోల్చి చెప్పమన్నారు. డైటెటిక్స్ రోగుల దగ్గరికి పోయే దారి: ఆసుపత్రి, కిడ్నీ, షుగర్, కాలిన గాయాలు, ట్యూబు ద్వారా తిండి పెట్టాల్సిన ఐసీయూ. ఫుడ్ సైన్స్ ఆహార పదార్థం వెంట పోతుంది: ఫ్యాక్టరీ, ల్యాబ్, నిల్వ, నాణ్యత, లేబుల్. న్యూట్రిషన్ ఈ రెంటి మధ్యా ఉండి, ఊళ్ళకు ఊళ్ళు, దేశాలకు దేశాలు ఏం తింటున్నాయన్న లెక్క దాకా విస్తరిస్తుంది. గిరాకీ అంటారా, నేను చూసినంతలో మూడింటిలోనూ మొదటి మూడు నాలుగేళ్ళు జీతం నెమ్మదిగానే నడుస్తుంది. డాక్టర్ జీతంతో పోల్చుకుంటే బాధపడతారు, పోల్చుకోకండి.

టేబుల్ గీసి ఇవ్వడం కన్నా ఒక్క విటమిన్ కథ చెప్తే మీకు బాగా అర్థమవుతుంది. ఫోలిక్ యాసిడ్. దాన్ని ల్యాబ్‌లో తయారు చేసే దారి 1940లలో అమెరికాలోని లెడర్లే అనే మందుల కంపెనీలో మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలోని బృందం కనిపెట్టింది. అది పరిశోధన. కొందరు బిడ్డలు వెన్నుపాము సరిగా మూసుకోని లోపంతో పుడతారు. అంతకుముందు అలాంటి కాన్పు అయిన తల్లులు మళ్ళీ గర్భం వచ్చే ముందు నుంచే ఈ విటమిన్ తీసుకుంటే ఆ లోపం 72 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ నడిపిన పెద్ద ట్రయల్ తేల్చింది. అక్కడ స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ళ పని. కానీ తర్వాత వెన్నుపాముగా మారే ఆ నాళం మూసుకునేది గర్భం మొదలైన మొదటి నాలుగు వారాల్లోనే. చాలామందికి అప్పటికి గర్భమన్న సంగతే తెలియదు. మాత్ర ఎప్పుడు మొదలుపెడతారు? అందుకని పిండిలోనే కలిపేద్దామన్నారు. అమెరికాలో 1998 నుంచి అది తప్పనిసరి, తర్వాత చాలా దేశాలు అదే దారి పట్టాయి. ఎంత కలపాలి, ఎక్కువైతే ఎవరికి ఇబ్బంది, వేడికి ఎంత పోతుంది, లేబుల్ మీద ఏం రాయాలి, కలుపుతున్నామని చెప్పే మిల్లు నిజంగా కలుపుతోందా లేదా – ఇందులో ప్రతి ప్రశ్నా ఒకరి ఉద్యోగం. వాళ్ళెవరూ డైట్ చార్టు రాయరు. మీ అబ్బాయి మొదటి రెండేళ్ళలో ఏ ప్రశ్న దగ్గర ఆగుతాడో చూసి దారి ఎంచుకోవచ్చు. డిగ్రీలో చేరిన రోజే మూడింటిలో ఒకటి తేల్చేయాలన్న టెన్షన్ మీరు పెట్టుకోవద్దు, వాడికీ పెట్టొద్దు.

ఒక్కటి మాత్రం చేరకముందే తేల్చుకోవాలి. ఆసుపత్రిలో పనిచేయాలనుకుంటే, ఆ డిగ్రీతో అక్కడ డైటీషియన్‌గా రిజిస్టర్ కావచ్చా లేదా? పేరులో న్యూట్రిషన్ ఉన్న ప్రతి కోర్సూ ఆ తలుపు తీయదు. బ్రిటన్‌లో డైటీషియన్ అన్న పేరుకు చట్టం కాపలా ఉంది, రిజిస్టర్‌లో లేనివాళ్ళు వాడకూడదు. న్యూట్రిషనిస్ట్ అన్న పేరుకు అక్కడ అలాంటి కాపలా లేదు. అమెరికాలో రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయాలంటే 2024 జనవరి 1 నుంచి మాస్టర్స్ ఉండాల్సిందే. ఒక్కో దేశానిది ఒక్కో రూలు. కాలేజీ బ్రోషర్ చూసి మురిసిపోకుండా, ఆ దేశంలో రిజిస్ట్రేషన్ ఇచ్చే సంస్థ దగ్గర ఆ కోర్సు పేరుందో లేదో చూసుకోండి. ట్రైనింగ్ ఎన్ని వారాలు, ఏ ఆసుపత్రిలో, ఎవరు చూస్తారని అడగండి. ఆసుపత్రి పేరు సూటిగా చెప్పని కాలేజీని నేను నమ్మను.

ఇప్పుడు మీ అబ్బాయి మనసులో ఉందని నాకు అనుమానమున్న సంగతికి వస్తాను. జిమ్, తూకం, పద్దెనిమిదేళ్ళు. వాడికి ఆసుపత్రి స్టూలు కనిపిస్తోందని నేను అనుకోను. ఫోన్‌లో ఆన్‌లైన్ డైట్ కోచ్ కనిపిస్తున్నాడు. కండలు, ముందు–తర్వాత ఫోటోలు, లక్షల్లో ఫాలోవర్లు. ఈ దారి మీద నాకు మొదటి నుంచీ నమ్మకం తక్కువ. ఎందుకో చెప్తాను.

అక్కడ అమ్ముడుపోయేది చదువు కాదు, ఒళ్ళు. పాతికేళ్ళకు ఉన్న ఒళ్ళు నలభైకి ఉండదు. ఆరు వారాల సర్టిఫికెట్‌తో దిగినవాళ్ళు, నాలుగేళ్ళు చదివి వచ్చినవాళ్ళు ఒకే స్క్రీన్ మీద పక్కపక్కనే కనిపిస్తారు. చూసేవాళ్ళకు తేడా తెలియదు. సలహా ఫ్రీగా ఇచ్చి ప్రోటీన్ పొడి డబ్బా మీద కమీషన్ తీసుకునే బేరం ఎక్కువ. జీన్ టెస్టు చేసి మీ ఒంటికే తగిన డైట్ ఇస్తామనే ప్యాకేజీలు కూడా వచ్చాయి. ఆ శాస్త్రం ఇంకా తేలకముందే దుకాణం తెరిచేశారు. అన్నింటికన్నా నాకు భయం వేసేది వేరే. స్క్రీన్ అవతల ఉన్న మనిషి ఇన్సులిన్ తీసుకుంటున్నాడేమో, కిడ్నీలు బాగా లేవేమో, కోచ్‌కు తెలియదు. పిండిపదార్థాలు ఒక్కసారిగా తగ్గించేసి ఇన్సులిన్ డోసు అలాగే ఉంచితే షుగర్ పడిపోయి మనిషి కుప్పకూలతాడు. మా అన్నయ్య లాంటివాడు ఆ వీడియో చూసి ప్రోటీన్ పొడి మొదలుపెడితే?

అయినా నా మాటే వేదం అనను. ఆన్‌లైన్ వద్దని నేను గట్టిగా చెప్పిన ఒక కుర్రాడు ఈరోజు ఆన్‌లైన్‌లోనే బాగా సంపాదిస్తున్నాడు. కనిపించినప్పుడల్లా నవ్వుతాడు. నా లెక్క తప్పిందా అని ఆలోచించాను. వాడు డిగ్రీ తర్వాత నాలుగేళ్ళు ఆసుపత్రిలో చేసి అప్పుడు అటు వెళ్ళాడు. వాడి ఫారంలో మొదటి ప్రశ్న బరువెంత అని కాదు, ఏం మందులు వాడుతున్నారని. తన పరిధి కానివాళ్ళను డాక్టర్ దగ్గరికి పంపేస్తాడు. ఆ నాలుగేళ్ళు లేకుండా నేరుగా ఆ దారిలో దిగుతానంటే నా సలహా ఇప్పటికీ వద్దనే. స్పోర్ట్స్ న్యూట్రిషన్ అన్నా అంతే. జట్లతో పనిచేసే ఉద్యోగాలు కొన్నే ఉంటాయి, కోరుకునేవాళ్ళు చాలామంది.

ఇక ఆ తూకం.

1944–45లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త మిన్నెసోటా యూనివర్సిటీలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద, వాళ్ళ ఇష్టంతోనే, ఒక ప్రయోగం చేశాడు. ఆరు నెలల పాటు తిండి దాదాపు సగానికి తగ్గించారు. యుద్ధం ముగిశాక ఆకలితో చిక్కిపోయినవాళ్ళను ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడానికి. చిక్కిపోవడం అందరూ ఊహించిందే. ఊహించనిది ఇంకోటి జరిగింది. అంతకుముందు వంటింటి వైపు చూడని మగవాళ్ళు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. తిండి గురించి తప్ప ఇంకో మాట లేదు. పళ్ళెం ముందు చాలాసేపు కూర్చుని, ఉన్న కొంచెం కలిపి కలిపి తినేవారు. నలుగురిలో కలవడం మానేశారు. పైనుంచి చూసినవాళ్ళకు అది కూడా ఇంట్రెస్ట్‌లాగే కనిపించి ఉంటుంది.

మీ అబ్బాయికి జబ్బు ఉందని నేను అనడం లేదు. పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు చాలామంది కొన్నాళ్ళు తూచుకుని తింటారు, తర్వాత తూకం అటకెక్కుతుంది. కానీ "మాతో కలిసి తినడం కూడా మానేశాడు" అన్న మాట మీరు గొప్పగా రాశారు చూడండి, నాకు కొంచెం గుబులు పుట్టింది. మంచి తిండి మీద పట్టుదల ముదిరి మనిషినే కట్టిపడేయడానికి స్టీవెన్ బ్రాట్‌మన్ అనే అమెరికన్ డాక్టర్ 1997లో ఆర్థోరెక్సియా అని పేరు పెట్టాడు. మానసిక వ్యాధుల అధికారిక జాబితాలో అది ఇంకా చేరలేదు గానీ, దాని బారిన పడ్డ పిల్లలను నేను చూశాను. వాళ్ళలో కొందరు న్యూట్రిషన్ కోర్సు వెతుక్కుంటూనే నా దగ్గరికి వచ్చారు. రోజంతా క్యాలరీల గురించే చదివే చోట అలాంటివాళ్ళకు ఇంకా కష్టం.

కాబట్టి ముందు ఇది చేయండి. మందలించే గొంతుతో కాకుండా, ఏదైనా ఖాళీ సాయంత్రం పూట, తూకం లేకుండా ఒక్క పూట తినాల్సి వస్తే ఏమనిపిస్తుందని అడగండి. "ఏముంది, తింటాను" అంటే మంచిదే. ముఖం మాడినా, కోపం వచ్చినా, ఈ మధ్య బాగా బరువు తగ్గి ఉన్నా, కళ్ళు తిరుగుతున్నా డాక్టర్‌కు చూపించండి. అడ్మిషన్ ఆ తర్వాత. ఏడాది ఆలస్యమైనా ఈ చదువు ఎక్కడికీ పోదు.

అన్నీ బాగుంటే ఇంకో ప్రశ్న అడగండి. ఇంట్లో మిగతావాళ్ళు ఏం తింటున్నారో వాడు ఎప్పుడైనా గమనించాడా? మీకు బీపీ ఉంటే మీ ఉప్పు గురించి ఒక్కసారైనా అడిగాడా? తన పళ్ళెం తప్ప ఇంకొకరి పళ్ళెం వైపు చూడనివాడికి ఈ వృత్తిలో ఏళ్ళ తరబడి విసుగే మిగులుతుంది. చూసేవాడైతే వాడికి నచ్చిన రెండు కోర్సుల సిలబస్ నాకు పంపండి, నా సలహా రాస్తాను. తూకం ప్రశ్నకు వాడు ఏమన్నాడో కూడా అందులోనే రాయండి. మీకు నచ్చినట్టు మార్చకుండా, వాడు అన్న మాటే.