గోల్కొండ సుల్తానులు తెలుగు కవులను నిజంగానే ఆదరించారా?

ఆదరించారు. ముందు చెప్పుకోవాల్సింది 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా గురించి. 1543లో తండ్రి హత్య తర్వాత అన్న జంషీద్‌కు చిక్కకుండా విజయనగరం పారిపోయి, అళియ రామరాయల దగ్గర ఏడేళ్లు తలదాచుకున్నాడు. తెలుగు అక్కడే ఒంటబట్టిందంటారు. (1565లో ఆ రామరాయల మీదికే యుద్ధానికి వెళ్లాడు, అది వేరే సంగతి.) మన కవులు ఆయన పేరుని కూడా తెలుగు చేసేశారు: మల్కిభరాముడు! అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చాడు.

నాకు మాత్రం ఎక్కువ ముచ్చటేసేది పటాన్‌చెరు కథ. ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ దాటే ఊరే. అప్పట్లో అక్కడ అమీన్‌ఖాన్ అనే అధికారి ఉండేవాడు. పొన్నెగంటి తెలగనార్యుడు ‘యయాతి చరిత్ర’ రాసి అంకితమిచ్చింది ఆయనకే. తత్సమాలు, అంటే సంస్కృతం నుంచి దాదాపు ఉన్నదున్నట్టు తెచ్చుకున్న మాటలు, పక్కనపెట్టి రాసిన తొలి అచ్చతెలుగు కావ్యం అది. మన కవుల లెక్కలో కావ్యం కన్య, అంకితం పుచ్చుకున్నవాడు వరుడు. అంటే మొదటి అచ్చతెలుగు పెళ్లికూతుర్ని చేసుకున్నది పటాన్‌చెరు ఖాన్‌గారన్నమాట.