ఇంటర్వ్యూలో గీసిన ట్రీ ఎందుకు సరిపోలేదు?

ప్రశ్న: నేను ఎలక్ట్రానిక్స్‌లో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సీ ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్ బాగానే సాధన చేశాను. ఇటీవల ఒక ఎంబెడెడ్ లైనక్స్ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో, ‘ఒక చిప్‌లోని క్లాకులన్నింటికీ కెర్నల్ డ్రైవర్ రాయాలంటే డేటా స్ట్రక్చర్లను ఎలా రూపొందిస్తారు?’ అని అడిగారు. నేను బైనరీ ట్రీ గీసి, ట్రావర్సల్ కోడ్ రాసి, టైమ్ కాంప్లెక్సిటీ కూడా చెప్పాను. ఎంపిక కాలేదు. నా సమాధానంలో లోపం ఏమిటి? ఈ రంగంలోకి రావాలంటే ఎలా సిద్ధం కావాలి? ముందుగా ఎంటెక్ చేయడం మంచిదా?

జవాబు: ట్రీ అన్న ఆలోచన తప్పు కాదు. చిప్‌లోని క్లాకులను, అంటే భాగాల పనికి లయ ఇచ్చే క్రమబద్ధమైన విద్యుత్ సంకేతాలను, ఇంజినీర్లు కూడా క్లాక్ ట్రీ అనే పిలుస్తారు. అయితే బైనరీ ట్రీని ఎక్కువగా వేగంగా వెతకడానికి వాడతారు, మిమ్మల్ని అడిగిన ప్రశ్న వెతకడం గురించి కాదు. ఒక చిప్‌లో కొన్ని వందల క్లాకులు ఉంటాయి, వాటిని వెతకవలసిన అవసరం ఎక్కువగా బూట్ సమయంలోనే వస్తుంది. అక్కడ కొన్ని మైక్రోసెకన్లు ఆదా చేసినందువల్ల ఎవరికీ పెద్దగా ఒరిగేదేమీ లేదు. కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో; హార్డ్‌వేర్‌ను నడిపే డ్రైవర్లు ఉండేది ఇక్కడే) ఒక స్ట్రక్చర్‌ను గీస్తున్నప్పుడు దానిలోని ప్రతి ఫీల్డ్ ఎవరి సొత్తు, దాన్ని ఎవరు మార్చవచ్చు, ఏ లాక్ (ఇద్దరు ఒకేసారి మార్చకుండా కాపాడే తాళం) పట్టుకుని మార్చాలి, ఆ సమయంలో నిద్రపోయే (పని ఆపి వేచి ఉండే) వీలుందా లేదా అన్నవి తేలాలి. ఇంటర్వ్యూ చేసినవారు మీ నోట వినాలనుకున్నది ఇదే అయి ఉంటుందని నా అంచనా.

ముందుగా హార్డ్‌వేర్‌ను చూడండి. 24 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఒకటి ఉందనుకుందాం. దాని నుంచి పీఎల్ఎల్ అధిక ఫ్రీక్వెన్సీని తయారు చేస్తుంది, మక్స్ రెండు మూడు మూలాలలో ఒకదాన్ని ఎంచుకుంటుంది, డివైడర్ దాన్ని భాగిస్తుంది, చివరన ఉన్న గేట్ ఆ క్లాకును యూఏఆర్‌టీ, ఎస్పీఐ వంటి సమాచార ప్రసార భాగాలకు పంపుతుంది లేదా ఆపుతుంది. ఒక క్లాకుకు ఏ క్షణంలోనైనా పేరెంట్ ఒక్కటే, కాని మక్స్‌కు పేరెంట్ కాగల అభ్యర్థులు అనేకం. పిల్లల సంఖ్యకు పరిమితే లేదు. ఇలాంటిదాన్ని ఎడమ, కుడి అనే రెండు పాయింటర్లలో (మరోదాని మెమరీ చిరునామాను ఉంచుకునే ఫీల్డులలో) ఇమడ్చలేము. లైనక్స్‌లో ప్రతి క్లాకుకూ ప్రస్తుత పేరెంట్ పాయింటర్, పేరెంట్ కాగలవాటి పట్టిక, పిల్లల లింక్డ్ లిస్టు వేర్వేరుగా ఉంటాయి. మరో చిక్కు కూడా ఉంది: డ్రైవర్లు ఏ వరుసలో లోడ్ అవుతాయో ముందుగా తెలియదు కనుక, పేరెంట్ కంటే ముందే పిల్ల రిజిస్టర్ కావచ్చు. అలాంటి క్లాకులను కెర్నల్ అనాథల జాబితాలో ఉంచి, పేరెంట్ వచ్చాక దాని కిందికి చేరుస్తుంది. పాఠ్యపుస్తకాల ట్రీలో కనిపించని ఈ ఒక్క విషయం చెప్పినా మీ సమాధానానికి బరువు వచ్చేది.

ఈ రూపకల్పన ఒక్క రోజులో రాలేదు. 2012కు ముందు ఏఆర్ఎం చిప్‌ల విషయంలో, క్లాకును తీసుకోవడానికీ ఆన్ చేయడానికీ వాడే ఫంక్షన్ల పేర్లు అన్ని చోట్లా ఒకటే అయినా, క్లాకు స్ట్రక్చర్‌ను మాత్రం ఒక్కొక్క చిప్ కుటుంబం తనకు నచ్చినట్లు నిర్వచించుకునేది. ఒకే పేరుతో వేర్వేరు నిర్వచనాలు ఉన్నందువల్ల రెండు కుటుంబాల చిప్‌లపై నడిచే ఒకే కెర్నల్ ఇమేజ్‌ను (బూట్ అయ్యే కెర్నల్ ఫైలును) తయారు చేయడానికి అదొక అడ్డంకిగా నిలిచింది. ఆ ఏడాది వచ్చిన లైనక్స్ 3.4లో మైక్ టర్కెట్ రాసిన కామన్ క్లాక్ ఫ్రేమ్‌వర్క్ చేరింది. అన్ని క్లాకులకూ ఉమ్మడిగా ఉండే సమాచారాన్ని ఒక పక్కకు, ఒక్కొక్క హార్డ్‌వేర్‌కే పరిమితమైన సమాచారాన్ని మరో పక్కకు విడదీయడమే అది చేసిన ప్రధానమైన పని.

ఉమ్మడి భాగంలో పేరు, పేరెంట్, పిల్లలు, ప్రస్తుత రేటు, ఎంతమంది వాడుతున్నారన్న లెక్క ఉంటాయి. డ్రైవర్ రచయిత దీన్ని తాకడు. హార్డ్‌వేర్ భాగాన్ని డ్రైవర్ రచయితే నిర్వచించుకుంటాడు. గేట్ విషయంలో అది చాలా చిన్నది: రిజిస్టర్ (హార్డ్‌వేర్‌ను నియంత్రించే బిట్ల గడి) చిరునామా, అందులో ఎన్నో బిట్, కొన్ని ఫ్లాగులు, ఒక స్పిన్‌లాక్ (నిద్రపోకుండానే వేచి ఉండే లాక్) పాయింటర్. ఈ రెండింటినీ కలిపే చిన్న కొక్కెం లాంటి స్ట్రక్చర్‌ను డ్రైవర్ స్ట్రక్చర్ లోపలే పొదుగుతారు. ఫ్రేమ్‌వర్క్ ఆ కొక్కెం చిరునామాను మాత్రమే ఇస్తే, కంటెయినర్ ఆఫ్ అనే మాక్రో దాని నుంచి వెనక్కి లెక్కగట్టి మొత్తం స్ట్రక్చర్ చిరునామాను తెచ్చి ఇస్తుంది. ఆన్, ఆఫ్, రేటు లెక్కింపు వంటి పనులను చేసే ఫంక్షన్ పాయింటర్ల పట్టిక వేరుగా, కాన్స్ట్‌గా (మార్చలేనిదిగా) ఉంటుంది, ఎందుకంటే వంద గేట్లు ఉన్నా చేసే పని ఒకటే కనుక ఒక్క పట్టికనే అన్నీ పంచుకుంటాయి.

గేట్ స్ట్రక్చర్‌లో లాక్‌నే పెట్టకుండా లాక్ పాయింటర్‌ను ఎందుకు పెట్టారో కాసేపు ఆలోచించి చూడండి. ఒక 32 బిట్ల రిజిస్టర్‌లో 32 గేట్లు ఉండవచ్చు. ఒక బిట్ మార్చాలంటే రిజిస్టర్‌ను చదివి, ఆ బిట్ మార్చి, తిరిగి రాయాలి. రెండు సీపీయూలు ఒకే రిజిస్టర్‌లోని రెండు వేర్వేరు బిట్లను ఒకేసారి మార్చబోతే, ఒకరు రాసినదాన్ని మరొకరు చెరిపేస్తారు. ప్రతి గేట్‌కూ సొంత లాక్ ఇస్తే ఈ ప్రమాదం తప్పదు; ఆ రిజిస్టర్‌ను పంచుకునే గేట్లన్నీ ఒకే లాక్‌ను చూపితేనే తప్పుతుంది. ఫీల్డ్ పక్కన ఉన్న, పాయింటర్‌ను సూచించే ఒక్క నక్షత్రం గుర్తు వెనుక ఇంత కారణం ఉంది. కెర్నల్ కోడ్ చదవడమంటే ఇలాంటి కారణాలను వెతుక్కుంటూ పోవడమేనని నేను విద్యార్థులకు తరచుగా చెబుతుంటాను.

మీరు కోడ్‌లో చూసి ఆశ్చర్యపోయే మరో విషయం, క్లాకును ఆన్ చేయడానికి ప్రిపేర్, ఎనేబుల్ అనే రెండు దశలు ఉండటం. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో (హార్డ్‌వేర్ పిలుపుకు వెంటనే స్పందించే కోడ్‌లో) ఉన్న డ్రైవర్ నిద్రపోకూడదు కనుక ఎనేబుల్ వెంటనే ముగిసే పని కావాలి, దానికి స్పిన్‌లాక్ కాపలా. పీఎల్ఎల్ స్థిరపడే వరకు వేచి ఉండటం వంటి నిదానమైన పనులు ప్రిపేర్‌లో జరుగుతాయి, దానికి మ్యూటెక్స్ (నిద్రపోయే వీలిచ్చే లాక్) కాపలా. ఎస్ఐ5351 వంటి క్లాక్ జెనరేటర్ చిప్‌తో ఐ2సీ బస్సు (చిప్‌ల మధ్య సమాచార మార్గం) మీద మాట్లాడాలి. ఐ2సీ సంభాషణలో నిద్ర తప్పదు, కాబట్టి దాని డ్రైవర్ అవుట్‌పుట్‌ను ఆన్ చేసే పనిని ప్రిపేర్‌లోనే చేస్తుంది. రెండు దశలకూ వేర్వేరు వాడకం లెక్కలు ఉంటాయి. ఒకే క్లాకును ఇద్దరు వాడుతున్నప్పుడు ఒకరు ఆపమంటే లెక్క ఒకటి తగ్గుతుందే తప్ప క్లాకు ఆగదు, లెక్క సున్నాకు చేరినప్పుడే ఆగుతుంది. మీ సమాధానంలో ‘వాడుతున్నవారి సంఖ్య’ అనే ఫీల్డ్ లేకపోయి ఉంటే, నా దృష్టిలో అన్నింటికంటే పెద్ద లోటు అదే.

ఈ లెక్కకు సంబంధించి కొత్తవారు తరచుగా పడే గుంట ఒకటి ఉంది. బూట్ చివరలో ఎవరూ అడగని క్లాకులను కెర్నల్ ఆపేస్తుంది. మీ డ్రైవర్ తన క్లాకును అడగడం మరిచిపోయినా, కెర్నల్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ దాన్ని ఆన్‌లోనే వదిలి ఉంటే, అంతవరకూ అంతా సవ్యంగా నడిచి సరిగ్గా బూట్ ముగిసే వేళకు డివైస్ మూగబోతుంది. ఆ సమయంలో డీబగ్‌ఎఫ్ఎస్‌లోని (కెర్నల్ లోపలి స్థితిని ఫైళ్లుగా చూపే చోట ఉన్న) క్లాక్ సమ్మరీ ఫైలు తెరిస్తే, మీ క్లాకు పక్కన సున్నా కనిపిస్తుంది.

రేటును నిల్వ చేసే ఫీల్డ్ గురించి కూడా ఒక మాట. అది హెర్ట్జ్‌లలో ఉండే అన్‌సైన్డ్ లాంగ్, అంటే రుణ విలువలు లేని పూర్ణాంకం. 32 బిట్ల యంత్రంలో దాని గరిష్ఠ విలువ 4,294,967,295. 24 మెగాహెర్ట్జ్‌ను 200తో గుణిస్తే 480 కోట్లు, అంటే పరిమితి దాటిపోయింది. అందుకే పీఎల్ఎల్ లెక్కలలో మధ్యంతర విలువలను 64 బిట్లలో ఉంచి, భాగహారానికి కెర్నల్ ఇచ్చే ప్రత్యేక ఫంక్షన్లనే వాడతారు. కెర్నల్‌లో ఫ్లోటింగ్ పాయింట్‌ను మామూలుగా వాడరు కనుక రౌండింగ్ కూడా రచయిత తీసుకోవలసిన నిర్ణయమే. యూఏఆర్‌టీకి 115200 బాడ్ (సెకనుకు పంపే సంకేతాల సంఖ్య) కావాలంటే, ఒక్కొక్క బిట్‌ను 16 సార్లు చూసే శాంప్లింగ్‌కు 18,43,200 హెర్ట్జ్ అవసరం. 24 మెగాహెర్ట్జ్‌ను 13తో భాగిస్తే దాదాపు 18,46,154 వస్తుంది, తేడా 0.16 శాతమే కనుక యూఏఆర్‌టీ దాన్ని భరిస్తుంది. అడిగిన రేటుకూ హార్డ్‌వేర్ ఇవ్వగలిగిన రేటుకూ మధ్య ఇలాంటి తేడా ఎప్పుడూ ఉంటుంది కాబట్టే, మార్చడానికి ముందే ‘ఎంత ఇవ్వగలవు?’ అని అడిగే ఫంక్షన్‌కు పైన చెప్పిన ఫంక్షన్ పాయింటర్ల పట్టికలో చోటు కల్పించారు.

ఇంత ఆలోచించి రూపొందించిన ఫ్రేమ్‌వర్క్‌లోనూ తర్వాత దిద్దుబాటు అవసరమైంది. మొదట్లో ఒక క్లాకును వాడే డ్రైవర్లందరికీ ఒకే స్ట్రక్చర్ పాయింటర్ దక్కేది, ఎవరు అడుగుతున్నారో తెలిసేది కాదు. 2015లో వచ్చిన లైనక్స్ 4.0 నుంచి ఒక్కొక్క వాడకందారుకు విడిగా ఒక చిన్న స్ట్రక్చర్ ఇస్తున్నారు. అందులో ఆ వాడకందారు కోరిన కనిష్ఠ, గరిష్ఠ రేట్లు ఉంటాయి, అసలు క్లాకు మాత్రం ఒక్కటే. డ్రైవర్లు పిలిచే ఫంక్షన్ల రూపం మారకుండానే ఈ మార్పు సాధ్యం కావడానికి కారణం, ఆ స్ట్రక్చర్ లోపలి ఫీల్డులను డ్రైవర్ల కంట పడకుండా దాచి ఉంచడమే.

ఇక సన్నద్ధత విషయం. మీ డేటా స్ట్రక్చర్స్ సాధనను మానవద్దు, తొలి వడపోత పరీక్షలలో అవి ఇంకా అడుగుతారు. దానికి తోడు లైనక్స్ సోర్స్‌లోని డ్రైవర్స్ ఫోల్డర్‌లో క్లాకులకు ఉన్న విభాగం తెరిచి ముందుగా గేట్ ఫైలు, తర్వాత మక్స్, డివైడర్ ఫైళ్లు చదవండి. ఒక్కొక్క ఫీల్డ్‌నూ తీసేస్తే ఏం విరుగుతుందో కాగితం మీద రాసుకుంటూ వెళ్లండి. వేల వరుసలున్న ప్రధాన ఫైలు జోలికి ఆ తర్వాతే వెళ్లండి. లైనక్స్ నడిచే ఒక చిన్న బోర్డు, ఐ2సీ మీద పనిచేసే ఒక క్లాక్ జెనరేటర్ మాడ్యూల్ దొరికితే ఆ చిప్ డేటాషీట్ ముందు పెట్టుకుని, కెర్నల్‌లో ఉన్న డ్రైవర్‌ను చూడకుండా, స్థిరమైన ఒక్క ఫ్రీక్వెన్సీ ఇచ్చే డ్రైవర్‌ను మీరే రాయండి. ఆ తర్వాత కెర్నల్‌లోని దానితో పోల్చుకుంటే, ఏ తరగతి గదిలోనూ దొరకని పాఠం దొరుకుతుంది. మీరు ఎలక్ట్రానిక్స్ విద్యార్థి కావడం ఇక్కడ లాభమే, డేటాషీట్‌లోని టైమింగ్ చిత్రాలు మిమ్మల్ని భయపెట్టవు.

ఎంటెక్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఈ పనికి అది షరతు కాదు. చిప్ డిజైన్ వైపు వెళ్లాలనుకుంటే లెక్క వేరు. డ్రైవర్ల వైపు అయితే ఆ రెండేళ్ల కంటే మెయింటెయినర్లు (కెర్నల్ భాగాల బాధ్యత చూసేవారు) అంగీకరించిన రెండు మూడు ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) ఎక్కువ మాట్లాడతాయని నా నమ్మకం. ప్రకటనల్లో డివైస్ డ్రైవర్ డెవలపర్ అనే పేరు కోసమే చూడకండి. బీఎస్పీ (బోర్డ్ సపోర్ట్ ప్యాకేజీ) ఇంజినీర్, ప్లాట్‌ఫామ్ సాఫ్ట్‌వేర్, బోర్డ్ బ్రింగప్ (కొత్త బోర్డును తొలిసారి నడిపించడం), ఫర్మ్‌వేర్ అన్న పేర్ల కింద కూడా ఇదే పని ఉంటుంది. వెబ్, యాప్ ఉద్యోగాలతో పోలిస్తే ప్రకటనలు తక్కువగా కనిపిస్తాయి, తొలి ఏడాది టెస్టింగ్‌తో గడిచినా నిరుత్సాహపడవద్దు.

రెజ్యూమెలో ‘లైనక్స్ కెర్నల్ తెలుసు’ అని రాయకండి. ‘ఫలానా క్లాక్ చిప్‌కు డ్రైవర్ రాశాను, ప్రిపేర్‌లో ఈ పని, ఎనేబుల్‌లో ఈ పని పెట్టాను’ అని ఒక్క వరుస రాస్తే చాలు. తర్వాతి ఇంటర్వ్యూలో అడిగేవారు ఆ వరుస దగ్గరే ఆగుతారు, అప్పుడు మీరు ట్రీ గీయడానికి ముందు గేట్ స్ట్రక్చర్ గీసి, లాక్ పాయింటర్‌తో మొదలుపెట్టవచ్చు.