పి0171 చూసి సెన్సర్ పీకెయ్యకు

చిరంజీవి అమ్మాయికి,

చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ఇకమీదట నువ్వే చూసుకుంటానన్నావట, మీ నాన్న చెప్పాడు. గర్వంగా అనిపించింది, వెంటనే గుండె గుబేలుమంది కూడా. అందుకే ఈ ఉత్తరం.

బండి కంప్యూటర్ దాచుకున్న తప్పు కోడ్‌లు చదివే స్కానర్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌లో పెట్టు, ఇగ్నిషన్ ఆన్ చెయ్యి, చదువు. నడుస్తుండగా ఆ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం బండి పక్కకు ఆపెయ్యాలి. మిస్‌ఫైర్ అయితే, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండకపోతే, ఆ కాలని పెట్రోలు పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని మాడ్చేస్తుంది.

కోడ్ కనబడగానే చెరిపెయ్యాలని చెయ్యి లాగుతుంది. వద్దు. దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ ఉంటుంది. తేడా పట్టుబడిన క్షణంలో ఆర్‌పీఎం, కూలెంట్ వేడి, లోడ్, ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) ఎంతెంతో అందులో ఉంటాయి. కోడ్ చెరిపితే అవీ పోతాయి. ముందు కాగితం మీద రాసుకో.

ఇక అసలు సంగతి. ఎన్నేళ్లయినా మానని పొరపాటొకటుంది, అదే నువ్వు చేస్తావేమోనని నా భయం. పి0171 అంటే బ్యాంక్ 1లో, అంటే ఒకటో సిలిండర్ ఉన్న వైపు, మిశ్రమం పలచబడిందని, అంటే గాలి ఎక్కువైందనో పెట్రోలు తగ్గిందనో. ఆ మాట చెప్పింది ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి దాన్నే పీకి కొత్తది బిగిస్తారు. జ్వరం వచ్చిందని థర్మామీటర్ మార్చినట్టు! వారం తిరక్కుండానే లైటు మళ్లీ వెలుగుతుంది.

నువ్వు అలా చెయ్యకు. ఇంజిన్ బాగా వేడెక్కాక షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ టర్మ్ (నిలకడగా ఉంచుకున్న సవరణ) ట్రిమ్‌లు రెండూ కలిపి చూడు. ప్లస్ మైనస్ 10 శాతం లోపుంటే దిగుల్లేదు. ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, ప్లస్ 25 చూపించి, 2500 ఆర్‌పీఎం దగ్గర 5కి దిగిందనుకో, ఎక్కడో లెక్కకు రాని గాలి చొరబడుతోంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం, అందులో చిన్న చిల్లు వాటా కూడా పెద్దదే. త్రాటిల్ తెరిచాక ఆ వాటా తగ్గిపోతుంది. లోపలికెళ్లే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బండయితే, దాని తర్వాతి రబ్బరు గొట్టాన్ని మడతమడతా సాగదీసి చూడు. చీలిక మడత అడుగున దాక్కుంటుంది, సాగదీస్తేనే నోరు తెరుస్తుంది. ఆ తర్వాత వాక్యూమ్ గొట్టాలు, పీసీవీ గొట్టం (ఇంజిన్ అడుగు ఆవిర్లను మళ్లీ ఇంటేక్‌లోకి పంపేది), ఇంటేక్ గాస్కెట్.

దానికి తలకిందులుగా, ఐడ్లింగ్‌లో బాగుండి లోడ్ పడినప్పుడు ట్రిమ్ ఎక్కుతుంటే పెట్రోలు చాలట్లేదని అనుమానించు. పంపు, ఫిల్టర్ చూడు. మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్‌కు మురికి పట్టినా ఇలాగే ఉంటుంది. దానికోసమే అమ్మే క్లీనర్‌తో కడుగు, లోపలి తీగను వేలితో ముట్టుకోకు, పూర్తిగా ఆరాకే బిగించు.

లీకు వెతకడానికి కార్బ్యురేటర్ క్లీనర్ చల్లమని ఎవరైనా చెబితే వినకు తల్లీ. వేడి ఎగ్జాస్ట్ మీద పడితే భగ్గుమంటుంది. గొట్టాల్లోకి పొగ ఊది లీకు చూపించే పొగ యంత్రం ఉన్నవాళ్ల దగ్గర పరీక్ష చేయించు. తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడపకు. జుట్టు ముడేసుకో. ఇంజిన్ ఆపేసినా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు, వేళ్లు దూరంగా పెట్టు.

పి0301, అంటే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్, సులువే. ఒకటో సిలిండర్ కాయిల్‌ను (స్పార్క్ ప్లగ్‌కు కరెంటిచ్చేది) రెండోదానికి మార్చి, కోడ్ చెరిపి నడిపి చూడు. పి0302గా మారితే కాయిల్ పోయినట్టే, మారకపోతే ప్లగ్, ఆ తర్వాత ఇంజెక్టర్. సంబంధం లేని కోడ్‌లు గుంపుగా వస్తే ముందు బ్యాటరీ కొలువు. ఇంజిన్ ఆపి కాసేపు ఉంచాక 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. కనెక్టర్లలో పచ్చటి చిలుము కూడా చూసుకో.

కారు కిందకి దూరాల్సొస్తే ఒక్క జాకీని నమ్మొద్దు, స్టాండ్లు పెట్టాకే దూరు. ట్రిమ్ అంకెలు ఐడ్లింగ్‌లో ఎంతో, 2500 దగ్గర ఎంతో రాసి పంపు. ఏదైనా కొనేముందు నేనోసారి చూస్తాను.

నీ పెదనాన్న