కాకి ముట్టలేదన్న దిగులు పోవడం లేదు

ప్రశ్న: నాకు 63 ఏళ్ళు, ఉండేది గుంటూరు. ఏప్రిల్ చివర్లో నా భార్య పోయింది. పదో రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు కృష్ణ ఒడ్డున పిండం పెడితే రెండు కాకులు గట్టు మీద వాలి, చూసి, ఎగిరిపోయాయి. అరగంట ఆగి నీళ్ళలో వదిలి వచ్చాం. ‘దానికేదో కోరిక మిగిలిపోయింది’ అంది మా వదిన, నా భార్యకు అక్క. ఆరు నెలలైనా ఆ మాటే చెవిలో మోగుతోంది. దేవుడి దగ్గర దీపం పెట్టడం మానేశాను. మా అమ్మాయేమో బైనాక్యులర్స్ పంపి, పొద్దున్నే పిట్టల్ని చూడమంటోంది. ఏడాది తిరక్కుండా ఇలాంటి సరదాలు తప్పు కాదా?

జవాబు: కాకులు అసలు రాకపోలేదు. వచ్చాయి, చూశాయి, వెళ్ళాయి. కాకి సంగతి తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. కొత్త వస్తువంటే దానికి అంత అనుమానం. రోజూ వాలే పిట్టగోడ మీద కొత్త గిన్నె పెట్టి చూడండి, చాలాసేపు దూరం నుంచే తల తిప్పి తిప్పి చూస్తుంది. అలాంటిది ఆకులో నువ్వులు కలిపిన అన్నం, చుట్టూ పదిమంది రెప్పవేయకుండా చూడడం! పైగా మే నెల. కాకులు తెల్లవారగానే తిండికి బయల్దేరతాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి నోరు తెరుచుకుని ఆకుల చాటున కూర్చుంటాయి. పిండప్రదానాలు జరిగే రేవులో అయితే పొద్దుటి నుంచి నాలుగిళ్ళ పిండాలు తిని కడుపు నిండి ఉండొచ్చు కూడా. అది గూళ్ళు కట్టే కాలం కాబట్టి గుడ్లో పిల్లలో ఉన్న జంట తన చెట్టును వదిలి ఎక్కువసేపు ఉండదు.

ఆచారాన్ని కొట్టిపారేయడానికి ఇది చెప్పడం లేదు. కాకి రాకపోతే ఆవుకు పెట్టడం, నీళ్ళలో వదలడం పెద్దలు చూపిన దారే. ఒక్కోసారి కాకి రాదని వాళ్ళకూ తెలుసన్నమాట. మీరు చేయవలసింది చేశారు. మీ వదినగారిది చెల్లెల్ని పోగొట్టుకున్న బాధలో వచ్చిన మాట. ఒకరోజు ఆవిడ దగ్గర కూర్చుని, ‘ఏం కోరిక ఉండేదంటారు?’ అని మీరే అడగండి. ఆరు నెలలుగా ఒక్కరే ఊహించుకుంటున్న దానికన్నా ఆవిడ చెప్పేది చిన్నదే కావచ్చు.

ఇక మీ సందేహం. ఏడాది లోపల పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వెళ్ళకపోవడం వేరు, పొద్దున్న పావుగంట బాల్కనీలో నిలబడడం వేరు. మొదటి వారం ఆ బైనాక్యులర్స్ పెట్టెలోనే ఉంచండి. ఆరింటికి బయటికొచ్చి కాకుల్నే చూడండి, మీ దిగులు మొదలైంది అక్కడే కాబట్టి. మెడ బూడిద రంగులో ఉంటే ఊరకాకి. ఒళ్ళంతా నలుపై, ముక్కు లావుగా ఉంటే బొంతకాకి. ఎన్ని, ఏ వైపు నుంచి వచ్చాయి, ఏం తిన్నాయి, టైమెంత అని నోటుబుక్కులో రెండు లైన్లు రాస్తే చాలు. జంటలో ఒకటి తల వంచితే రెండోది ముక్కుతో దాని మెడ ఈకలు దువ్వుతుంది. అది చూసి మీకు గుండె పట్టేసినట్టవచ్చు. అయితే లోపలికి వచ్చేయండి, రేపు చూడొచ్చు.

రెండో వారం బైనాక్యులర్స్ తీయండి. చాలామంది మూడు రోజులకే విసిగి మూలన పడేసేది కంటికి సరిచేసుకోకపోవడం వల్లే. కళ్ళజోడు ఉంటే కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని పూర్తిగా లోపలికి తిప్పండి, లేకపోతే బయటికి. రెండు వలయాలు ఒక్కటిగా కనిపించేదాకా గొట్టాల్ని దగ్గరికి వంచండి. కుడికన్ను మూసి, ఎదురుగా ఉన్న బోర్డు మీది అక్షరాలు ఎడమకంటికి స్పష్టమయ్యేలా మధ్య చక్రం తిప్పండి. తర్వాత ఎడమకన్ను మూసి, కుడికంటి దగ్గరున్న చిన్న రింగు తిప్పండి. ఆ రింగు జోలికి ఇక పోనక్కర్లేదు. పిట్ట కనబడితే చూపు దాని మీదే ఉంచి బైనాక్యులర్స్‌ను కళ్ళ దగ్గరికి తేవాలి. తల దించి అద్దాల్లో వెతికితే అది ఎగిరిపోతుంది. మీ వయసుకు 8x42 (ఎనిమిది రెట్లు పెంచేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు) హాయి. 10 రెట్లు పెంచేవాటిలో చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పవద్దు.

నీడలో ఒక మట్టి మూకుడు పెట్టి రెండు అంగుళాల లోతు నీళ్ళు పోయండి. రోజూ పారబోసి కడగాలి, లేకపోతే దోమలు. గింజలు చల్లకండి. పావురాలు మరిగితే వాటి రెట్ట ఊపిరితిత్తులకు చేటు. దీపం విషయంలో మనసును బలవంతపెట్టకండి. పొద్దున్నే మూకుడు నింపడాన్నే ప్రస్తుతానికి నియమంగా పెట్టుకోండి. నమ్మకం ఎప్పుడు తిరిగొస్తుందో ఎవరూ తేదీ చెప్పలేరు.

ఈ చలికాలంలో ఒక ఆదివారం మీ వదినగారిని తీసుకుని ఉప్పలపాడు వెళ్ళి రండి. మీ ఊరికి దగ్గరే. చెరువులోని చెట్ల మీద గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తలదూర్చి తినడం బైనాక్యులర్స్‌లో చక్కగా కనిపిస్తుంది. ఎనిమిదింటిలోపే చేరుకోండి, చప్పట్లు కొట్టి లేపకండి.

రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదన్నా, తిండి సయించకపోయినా, ‘నేనూ పోతే బాగుండు’ అనిపించినా పిట్టల్ని పక్కనపెట్టి వెంటనే మానసిక వైద్యుణ్ణి కలవండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళ ఫోన్ చేసినా డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడవచ్చు.

సంవత్సరీకం మళ్ళీ గూళ్ళ కాలంలోనే వస్తుంది. అప్పుడు ఏ కాకైనా మీ తల మీద తన్నిపోతే శని అనుకోకండి, పక్క చెట్టులో పిల్లలున్నాయని అర్థం. గొడుగు వేసుకుని నడవండి. ఇప్పటి నుంచీ రోజూ ఒకే వేళకు, మేడ మీద ఒకే చోట గుప్పెడు అన్నం పెట్టి దూరంగా జరగండి. పది నిమిషాల్లో తినకపోతే తీసేయండి. కాకులు మనుషుల ముఖాలు గుర్తుపెట్టుకుంటాయని అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు అక్కడి కాకుల మీద ముసుగులతో చేసిన ప్రయోగాల్లో తేలింది. మీవీ మిమ్మల్ని గుర్తుపట్టవచ్చు. అయినా ఆ రోజు రాకపోతే ఆవుకు పెట్టి భోజనానికి కూర్చోండి. ఎందుకు రాలేదో అప్పటికి మీ వదినగారికి మీరే చెప్పగలుగుతారు.