రెట్రో బైక్‌తో బాధ ఇంజన్‌ది కాదండీ, చక్రాలది

ఖమ్మంలో రోజూ ఆఫీసుకి వెళ్ళడానికి పాతకాలం లుక్ ఉన్న బైక్ తీసుకుందామనుకుంటున్నా, మెయింటెనెన్స్ భరించగలనా అని అడిగారు. భరించగలరు. ఇంజన్ గురించైతే అస్సలు బెంగ పెట్టుకోకండి. అందరూ దాని గురించే భయపెడతారు గానీ ఈ బళ్ళతో మనిషిని ఏడిపించేది చక్రం. నేనుండేది వైజాగ్, నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళ క్లాసిక్ 350, 2021లో కొత్త ఇంజన్‌తో వచ్చిన మోడల్, స్పోకులూ క్రోమూ అన్నీ తళతళలాడే వేరియంట్.

మా పెద్దనాన్నకి పాత బుల్లెట్ ఉండేది, గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. పొద్దున్నే అది స్టార్ట్ అవ్వాలంటే ఇంజన్ లోపలి ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ లివర్ నొక్కిపట్టి, కిక్కర్ మెల్లగా తొక్కుతూ ఆంపియర్ మీటర్ ముల్లు మధ్యకి వచ్చేదాకా చూసి, అప్పుడు ఒక్కటే తన్ను తన్నాలి. లెక్క తప్పితే కిక్కర్ తిరిగి మన కాలిపిక్క మీద తన్నేది. ఇప్పుడా గోల ఎక్కడుంది? ఫ్యూయల్ ఇంజెక్షన్, ఏబీఎస్, సెల్ఫ్ నొక్కితే స్టార్ట్, నా బండికి అసలు కిక్కరే లేదు. 2018లో మళ్ళీ వచ్చిన జావాకైతే రేడియేటర్ కూడా పెట్టారు. అన్నీ తాతగారి కోటు తొడుక్కున్న కుర్రాళ్ళే. ఆ కోటులో నిజంగా పాతది ఏమైనా మిగిలిందంటే అది స్పోకుల చక్రంలో ఉన్న ట్యూబు, మనల్ని రోడ్డు మీద నిలబెట్టేది కూడా అదే.

ఓ డిసెంబర్లో అరకు బయల్దేరాం, మా ఆవిడా నేనూ నా బండి మీద, మా బావమరిది వాడి మామూలు కమ్యూటర్ మీద. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాం, అనంతగిరి ఇంకా రాలేదు, ఒక వంపులో బండి వెనకభాగం అటూఇటూ ఊగడం మొదలైంది. ఆపి చూస్తే వెనక టైరు నేలకి కరుచుకుపోయింది, గాడిలో మేకు తల మెరుస్తోంది. మావాడు ఎంతో ఉత్సాహంగా "బావా, టెన్షన్ పడకు, నా దగ్గర కిట్ ఉంది" అని సీటు కింద నుంచి ట్యూబ్‌లెస్ కిట్ తీశాడు, మేకు లాగి ఆ బంక తాడు దూర్చి గాలి కొడితే పది నిమిషాల పనట. ఒరేయ్, స్పోకులు కనపడట్లేదా అన్నా. మామూలు స్పోకుల రిమ్ములో ఒక్కో స్పోకుకి ఒక్కో కంత ఉంటుంది కదా, గాలి ఆగాలంటే లోపల ట్యూబ్ ఉండాల్సిందే. ట్యూబ్‌లెస్ టైర్లో మేకు దిగినా గాలి మెల్లగా పోతూ ఏదో ఒక ఊరు చేరనిస్తుంది, ట్యూబ్‌కి కంత పడితే మాత్రం అక్కడికక్కడే చాప చుట్టేస్తుంది. పైగా బండి 195 కిలోలు, దాన్ని ఘాట్‌లో ఎగువకి తోయడం మాటలు కాదు.

వాడు అక్కని అనంతగిరిలో దింపి, అక్కడి పంచర్ ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. ఆయన దిగీ దిగగానే "ఏటి బాబూ, బుల్లెట్టని ముందే చెప్పాల కదా" అన్నాడు. వెనక యాక్సిల్ నట్టుకి పట్టే పెద్ద పానా తేలేదు! మళ్ళీ పైకి వెళ్ళారు. ఈలోపు రోడ్డు పక్కన నేనొక్కడినే, ఓ కారాయన పనిగట్టుకుని ఆపి, సాయం చేస్తాడేమో అనుకుంటే "మైలేజ్ ఎంతిస్తుందండీ" అని అడిగి వెళ్ళిపోయాడు. తర్వాత డబల్ స్టాండ్ వేసి, యాక్సిల్ లాగి, చైన్ తప్పించి, చక్రం బయటికి తీసి, మేము తాగడానికి తెచ్చుకున్న నీళ్ళే ట్యూబ్ మీద పోస్తూ బుడగ ఎక్కడొస్తుందా అని వెతికి, గీకి, సొల్యూషన్ రాసి ప్యాచ్ వేశాడు. తీరా టైరు ఎక్కించేటప్పుడు రాడ్ కింద ట్యూబ్ నలిగి ఇంకో కంత. ఆయన్ని ఏమనగలం, ఆ టైరు అంచు అంత బిగుతు, మళ్ళీ మొదట్నుంచీ అంతా చేశాడు పాపం. బొర్రా గుహలు లేవు, బొంగులో చికెన్ లేదు, చీకటిపడే వేళకి బిస్కెట్లు తింటూ అనంతగిరి చేరాం.

స్పోకులతో ఇంకో తలనొప్పి ఏంటంటే అవి వదులవుతాయి. పానాతో ఒక్కోదాన్నీ మెల్లగా కొట్టి వినండి, బిగువుగా ఉన్నది టింగుమంటుంది, వదులైనది టప్‌మని చచ్చు సౌండ్ ఇస్తుంది. రిమ్ బెండ్ తీసే పనితనం ఒకప్పుడు ప్రతి సైకిల్ షాపులో ఉండేది, ఇప్పుడు వెతుక్కోవాలి. మాకు సముద్రపు గాలి ఎక్స్‌ట్రా, వారం తుడవకపోతే స్పోకు మొదట్లో ఎర్రటి చుక్కలు వచ్చేస్తాయి. బీచ్ రోడ్‌లో తిరిగొచ్చాక మంచినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అప్పుడప్పుడూ వ్యాక్స్ రాయడం తప్ప మందు లేదు.

మిగతా మెయింటెనెన్స్ అంటారా, 500 కిలోమీటర్లకోసారి చైన్ లూబ్, టైముకి ఆయిల్, అంతే. కానీ చైన్‌ని పెట్రోల్ పోసి ఇనుప బ్రష్‌తో తోమే వాళ్ళని దగ్గరకి రానివ్వకండి, లింకుల మధ్య ఉండే రబ్బరు ఓ-రింగులు పాడైతే లోపలి గ్రీజు పోతుంది, చైన్ కథ ముగిసినట్టే. నేను ఒక సర్వీస్ సెంటర్లో ఇదే చూసి గొడవపడ్డా, "అందరికీ ఇలాగే చేస్తాం సార్" అన్నాడు, అదేదో గొప్పలాగా. ఇంకోటి, వైర్లు కోసి ఫాగ్ లైట్లు పెట్టించకండి. బ్యాటరీ దిగిందా, కిక్కర్ లేదు, తోసి స్టార్ట్ చేద్దామన్నా ఫ్యూయల్ పంప్ తిరగడానికి కాస్తైనా కరెంట్ ఉండాలి. ఇక సైలెన్సర్ మార్చి వీధి మొత్తాన్ని లేపే వాళ్ళ గురించి ఏం చెప్పను, పసిపిల్లలున్న ఇంటి ముందు వాళ్ళని రోజంతా నిలబెట్టాలి.

మీకు ఉప్పుగాలి లేదు, అదృష్టవంతులు. ఇంజన్ 350 సీసీ దాటనివ్వకండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 దాకా జీఎస్టీ 18 శాతం, దాటితే 40. హోండా హైనెస్‌కి స్పోకులు లేని అలాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్, క్లాసిక్‌లో కూడా అలాయ్ వేరియంట్ దొరుకుతుంది, కళ్ళు మూసుకుని అది తీసుకోండి. లేదు, స్పోకులే కావాలి అంటే 2024లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళే తెచ్చిన గోవన్ క్లాసిక్‌కి స్పోకులతోనే ట్యూబ్‌లెస్ ఇచ్చారు, అంటే చేయగలిగీ ఇన్నాళ్ళూ మనకి ఇవ్వలేదన్నమాట, నాకు మండేది అక్కడే. ఇవేవీ వద్దు, మామూలు స్పోకులే కొంటానంటే స్పేర్ ట్యూబ్, యాక్సిల్ పానా సైడ్ బ్యాగులో పెట్టుకోండి. షోరూమ్‌కి వెళ్ళేముందు మీ వీధి చివర పంచర్ షాప్‌లో వీటి వెనక చక్రం ఇప్పుతావా అని కూడా ఒకసారి అడగండి, సగం మంది బండి చూడగానే "ముందుదైతే చేస్తా అన్నా" అంటారు.