పాస్‌వర్డ్ గడువు దాటితే రిమోట్ డెస్క్‌టాప్ లోపలికి రానివ్వడం లేదు, ఎన్‌ఎల్‌ఏ (నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్, అంటే సెషన్ తెరవకముందే పాస్‌వర్డ్ చూసే సెట్టింగ్) తీసేయమంటున్నారు. తీసేయొచ్చా?

తీసేయకండి. మీ ఇబ్బంది పాస్‌వర్డ్ గడువుతో వచ్చింది, ఎన్‌ఎల్‌ఏతో కాదు.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: ఆడిటర్ గారి ఆఫీసులో ఒక సర్వర్, దాంట్లో ట్యాలీ. స్టాఫ్ ఇళ్ల నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో పనిచేస్తారు. కొన్ని వారాలకోసారి ఎవరో ఒకరికి లాగిన్ ఆగిపోతోంది. సర్వర్లో ఎన్‌ఎల్‌ఏ టిక్ తీసేసి, అందరి ఆర్‌డీపీ ఫైల్లో (రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ సెట్టింగులుండే ఫైలు) ఒక లైను మారిస్తే సరిపోతుందని సర్వీసుకి వచ్చినతను చెప్పాడు. నిజమే, సరిపోతుంది. అందుకే చాలామంది అదే చేస్తారు. గుంటూరు, విజయవాడ వైపు నేను చూసేవి ఎక్కువగా ఇలాంటి ఆఫీసుల సర్వర్లే. టిక్ తీసేసి ఉన్నవి తరచూ తగులుతుంటాయి. ఎవరు తీశారంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఆ టిక్ లేకపోతే రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టుకి ఎవరు వచ్చినా విండోస్ ముందు ఒక సెషన్ తెరిచి, లాగిన్ స్క్రీన్ చూపించి, ఆ తర్వాత పాస్‌వర్డ్ అడుగుతుంది. దారిన పోయేవాణ్ణి హాల్లో కూర్చోబెట్టి "ఇంతకీ మీరెవరు?" అన్నట్టు. టిక్ ఉంటే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ముందే క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ (లాగిన్ వివరాలు పంపే విండోస్ పద్ధతి) ద్వారా సర్వర్‌కి చేరతాయి, అవి సరిపోతేనే సెషన్ మొదలవుతుంది. విస్టా, సర్వర్ 2008 కాలం నుంచీ ఉన్న పద్ధతే ఇది. 2019 మేలో బయటపడ్డ బ్లూకీప్ అనే రిమోట్ డెస్క్‌టాప్ లోపం లాగిన్ కాకుండానే వాడుకోగలిగేది. ఎప్పుడో సపోర్ట్ ఆపేసిన ఎక్స్‌పీకి, సర్వర్ 2003కి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చిందంటే ఎంత తీవ్రమైనదో చూడండి. ఎన్‌ఎల్‌ఏ ఉన్న మెషీన్ల మీద దాన్ని వాడాలంటే ముందు చెల్లే ఖాతా ఒకటి చేతిలో ఉండాలి.

లాగిన్ స్క్రీన్ కనబడినంత మాత్రాన ఏమవుతుందిలే అనుకునేవాళ్లకి నేను ఒకటే చెబుతాను. ఒక క్లయింటు సర్వర్లో ఆ స్క్రీన్ మీద షిఫ్ట్ కీ ఐదుసార్లు నొక్కాను. రావాల్సింది స్టిక్కీ కీస్ (కీలు ఒక్కొక్కటిగా నొక్కుకునే సౌకర్యం) బాక్సు, వచ్చింది నల్లటి కమాండ్ ప్రాంప్ట్. అంతకుముందు ఎవరో లోపలికి దూరి, విండోస్ సొంత ఫైళ్లుండే సిస్టమ్32 ఫోల్డర్లో స్టిక్కీ కీస్ ఫైలు తీసి దాని పేరుతో కమాండ్ ప్రాంప్ట్ పెట్టిపోయారు. లాగిన్ స్క్రీన్ నుంచి తెరుచుకున్న ఆ విండోకి సిస్టమ్ ఖాతా అధికారాలన్నీ ఉంటాయి. కొత్త అడ్మినిస్ట్రేటర్‌ని సృష్టించాలంటే రెండు కమాండ్లు చాలు. ఆఫీసువాళ్లు అప్పటికే పాస్‌వర్డ్‌లన్నీ మార్చేశారు, అయినా ఏం లాభం? ఎన్‌ఎల్‌ఏ ఉంటే బయటివాడు ఆ స్క్రీన్ దాకా రాలేడు. ఆ సర్వర్‌ని మాత్రం టిక్ పెట్టి వదల్లేదు, మొత్తం ఫార్మాట్ చేయాల్సి వచ్చింది.

ఇక మీ పని. డొమైన్ (ఆఫీసు ఖాతాలన్నీ ఒకేచోట నడిపే ఏర్పాటు) లేని సర్వర్లో లోకల్ ఖాతా పాస్‌వర్డ్‌కి మామూలుగా 42 రోజుల గడువు ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ అకౌంట్స్ అని కొడితే మీ దగ్గర ఎంతుందో కనబడుతుంది. గడువు దాటిన పాస్‌వర్డ్‌ని మార్చుకునే దారి ఎన్‌ఎల్‌ఏలో లేదు, అక్కడే ఆగిపోతున్నారు. ఆగినవాళ్లకి సర్వర్ మీదే కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. అప్పుడు "తర్వాతి లాగిన్‌లో పాస్‌వర్డ్ మార్చాలి" అనే టిక్ పెట్టొద్దు, పెడితే కథ మళ్లీ మొదటికే. గడువు దగ్గరపడ్డవాళ్లు సెషన్‌లో ఉండగానే కంట్రోల్, ఆల్ట్, ఎండ్ కలిపి నొక్కి మార్చుకోవచ్చు (డిలీట్ నొక్కితే ఇంటి కంప్యూటర్‌కి వెళుతుంది). నేనైతే గడువు బాగా పెంచి, పొడుగు పాస్‌వర్డ్‌లు పెట్టిస్తాను. 42 రోజులకోసారి మార్చమంటే జనం చివర్లో అంకె ఒకటి పెంచి ఊరుకుంటారు.

రేపు క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ ఎన్‌క్రిప్షన్ ఒరాకిల్ అంటూ ఎర్రర్ వస్తే అది వేరే సంగతి. 2018 నాటి అప్‌డేట్‌లు ఒకవైపు పడి ఇంకోవైపు పడకపోతే వచ్చేది అది. దానికీ ఎన్‌ఎల్‌ఏ తీసేయమనే సలహాలే దొరుకుతాయి. రెండువైపులా అప్‌డేట్ చేస్తే చాలు.

ఒక్క ఎన్‌ఎల్‌ఏని నమ్ముకుని రౌటర్లో 3389 తెరిచి పెట్టడం కూడా తప్పే. పాస్‌వర్డ్ ఊహించే బాట్‌లు ఆగవు. ఈవెంట్ వ్యూయర్ సెక్యూరిటీ లాగ్‌లో 4625 (విఫలమైన లాగిన్‌కి పడే నంబరు) చూడండి. ఎన్‌ఎల్‌ఏ ఉన్నప్పుడు ఆ ప్రయత్నాలు లాగాన్ టైప్ 10గా (రిమోట్ డెస్క్‌టాప్) కాక 3గా (నెట్‌వర్క్) పడతాయి. 10 కోసం వెతికి "మాకేం దాడుల్లేవు" అనుకున్నవాళ్లు ఉన్నారు. పోర్టు నంబర్ మారిస్తే లాగ్‌లో గోల తగ్గుతుంది, అంతే. పోర్టు మూసేసి వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి రహస్య దారి) పెట్టించండి. వరుసగా తప్పు పాస్‌వర్డ్ కొడితే ఖాతా కాసేపు లాక్ అయ్యే పాలసీ కూడా పెట్టండి.

ఇంకోటి. సర్వర్లో టిక్ తీసేసి ఉన్నా మీకు తేడా తెలీదు, ఎందుకంటే మామూలు విండోస్ క్లయింట్ తనంతట తానే ఎన్‌ఎల్‌ఏ వాడుకుంటుంది. ఖాయంగా తెలుసుకోవాలంటే ఆర్‌డీపీ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ఎనేబుల్ క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ సపోర్ట్ అనే లైను విలువ 0 చేసి (లేకపోతే enablecredsspsupport:i:0 అని ఆ లైను చేర్చి) కనెక్ట్ అవ్వండి. సర్వీసుకి వచ్చినతను మార్చమన్న లైను అదే. సర్వర్ కుదరదంటే టిక్ ఉన్నట్టు. లాగిన్ స్క్రీన్ కనబడితే ఇవాళే వెళ్లి పెట్టించండి, పరీక్షకి వాడిన ఆ ఫైల్ డిలీట్ చేసేయండి.