కంప్యూటర్లు ఇద్దరి దగ్గరా ఉన్నాయి, మరి అమెరికా ఎలా ముందుకెళ్లింది?

1995 తర్వాత గంట పనికి వచ్చే ఉత్పత్తి అమెరికాలో వేగంగా పెరిగింది, యూరప్‌లో మాత్రం నెమ్మదించింది, దీనికి కారణం ఐటీయేనా అని అడిగారు. చాలావరకు అవును, కానీ కంప్యూటర్లు కొనడం వల్లే కాదు.

ముందు లెక్క చూడండి. 1973-95 మధ్య పశ్చిమ యూరప్ దేశాల్లో ఈ పెరుగుదల ఏడాదికి సుమారు 2.4 శాతం, అమెరికాలో దాదాపు 1.2 శాతమే. ఆ తర్వాత దశాబ్దంలో సీన్ తిరగబడింది: యూరప్ 1.5కి పడిపోతే అమెరికా 2 శాతం దాటింది.

తేడా ఎక్కువగా వచ్చింది చిప్‌లు చేసే ఫ్యాక్టరీల్లో కాదు, వాటిని వాడుకునే దుకాణాలు, హోల్‌సేల్, ఫైనాన్స్ లాంటి చోట్ల. వాల్‌మార్ట్‌నే తీసుకోండి. కౌంటర్‌లో సబ్బు బార్‌కోడ్ బీప్ అనగానే అమ్మకం నమోదవుతుంది, ఆ లెక్క సరఫరాదారుకీ కనిపిస్తుంది, ఏ షాపుకి ఎంత సరుకు పంపాలో దాన్నిబట్టే తేలుతుంది, కాబట్టి గోడౌన్‌లో సరుకు పేరుకుపోదు, అంతే మంది మనుషులతో ఎక్కువ అమ్మకం నడుస్తుంది. అదే కంప్యూటర్‌ని బిల్లు కొట్టడానికి మాత్రమే వాడితే మిగిలేది చక్కగా ప్రింటయిన బిల్లు.

నన్ను బాగా ఒప్పించింది బ్రిటన్‌లో చేసిన పరిశోధన. అక్కడే, అదే చట్టాల కింద, అమెరికన్ యాజమాన్యంలో ఉన్న కంపెనీలు ఐటీ నుంచి మిగతావాటికంటే ఎక్కువ ఫలితం రాబట్టాయి. మనుషుల్ని ఎలా నియమిస్తారు, బాగా చేసినవాళ్లకి ప్రమోషన్ ఇస్తారా లేదా, ఇలాంటి మేనేజ్‌మెంట్ పద్ధతుల్లోనే అసలు తేడా కనిపించింది. యూరప్‌లో పెద్ద దుకాణాలు పెట్టడానికి, పని విధానం మార్చడానికి ఉన్న ఆంక్షలు కూడా కొంత వెనక్కి లాగాయి.